అక్క ఫిర్యాదు: ఒక నవల, రెండు తీర్పులు

'నార్నియా' పేరు మన హాస్టల్ మిత్రుల్లో కొందరికి 2005లో వచ్చిన సినిమా ద్వారా, కొందరికి పుస్తకాల ద్వారా తెలిసే ఉంటుంది. బట్టల బీరువాలోంచి మంచు దేశంలోకి వెళ్ళే పిల్లలు, మాట్లాడే సింహం అస్లాన్, ఇవన్నీ సి.ఎస్. లూయిస్ కల్పనలు. ఆయన 1898లో ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల్లో సాహిత్యం బోధించాడు. 1963లో మరణించాడు. 1950 నుంచి 1956 వరకు ఏడాదికొకటి చొప్పున ఏడు నార్నియా పుస్తకాలు వెలువడ్డాయి.

ఆ 1956లోనే ఆయన పెద్దల కోసం రాసిన మరో నవల వచ్చింది. దాని పేరు 'టిల్ వుయ్ హ్యావ్ ఫేసెస్'. 'మనకు ముఖాలు ఏర్పడేదాకా' అని తెలుగులో చెప్పుకోవచ్చు. తన నవలల్లో ఇదే ఉత్తమమని లూయిస్ నమ్మాడు. పాఠకులు మాత్రం అప్పట్లో అంతగా ఆదరించలేదు. నార్నియాను ప్రేమించినవాళ్ళే ఈ పుస్తకం దగ్గర రెండు పక్షాలుగా విడిపోతారు. అలా ఎందుకు జరుగుతుందో, దానినుంచి మనం ఏం నేర్చుకోవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

పాత కథ

ఈ నవలకు మూలం క్రీ.శ. రెండవ శతాబ్దంలో అపులేయస్ అనే రచయిత లాటిన్ భాషలో చెప్పిన కథ. ఒక రాజుకు ముగ్గురు కూతుళ్ళు. చిన్నది సైకీ మహా అందగత్తె. ఆమెను కొండమీద వదిలేస్తే ప్రేమదేవుడు క్యుపిడ్ తన దివ్యభవనానికి చేర్చుకుంటాడు. కాని చీకట్లోనే వస్తాడు, తన ముఖం చూడవద్దంటాడు. అక్కలు వచ్చి ఆ భవనాన్ని చూసి అసూయపడతారు. వాళ్ళ మాటలు విని సైకీ దీపం వెలిగించి చూస్తుంది. భర్త వెళ్ళిపోతాడు. ఎన్నో కష్టాల తర్వాత ఇద్దరూ కలుస్తారు.

లూయిస్ చేసిన మార్పు

లూయిస్ ఈ కథను గ్లోమ్ అనే కల్పిత రాజ్యంలో పెట్టి, పెద్దక్క ఒరువల్ చేత చెప్పించాడు. ఒరువల్ అందగత్తె కాదు. తండ్రి ఆమెను కొట్టేవాడు, అందరిముందూ అవమానించేవాడు. ఆమెను ఆదరించినవాళ్ళు ఇద్దరే. ఒకరు చదువు చెప్పిన గ్రీకు బానిస. అతన్ని అందరూ 'నక్క' అని పిలుస్తారు. రెండోవారు తల్లి లేని సవతి చెల్లెలు సైకీ. ఆ పసిబిడ్డను ఒరువలే పెంచింది. రాజ్యంలో కరువు, రోగాలు వస్తే పూజారి మాట ప్రకారం సైకీని కొండమీద చెట్టుకు కట్టి బలిగా వదిలేస్తారు.

చెల్లెలి ఎముకలైనా దొరుకుతాయేమోనని వెళ్ళిన ఒరువల్‌కు సైకీ ప్రాణాలతో కనిపిస్తుంది. తాను భవనంలో ఉన్నానంటుంది. ఒరువల్ కళ్ళకు మాత్రం బయలు తప్ప ఏమీ కనిపించదు. ఒక్కసారి మంచులో భవనం లీలగా కనబడి మాయమవుతుంది. ఆ సంగతి ఆమె చెల్లెలికి చెప్పదు. తర్వాత మళ్ళీ వెళ్ళి, తన చేతిలోనే కత్తి దింపుకుని, దీపం వెలిగించి చూడకపోతే నిన్ను చంపి నేనూ చస్తానని బెదిరిస్తుంది. సైకీ అక్క కోసం ఆ పని చేసి అంతా పోగొట్టుకుంటుంది. ఒరువల్ ముసుగు వేసుకుని రాణి అవుతుంది, సమర్థంగా పాలిస్తుంది. ముసలితనంలో దేవుళ్ళమీద ఫిర్యాదుగా ఒక పుస్తకం రాస్తుంది. మనం చదివే నవల అదే.

మొదటి పక్షం

కొందరు పాఠకులకు ఈ పుస్తకం నచ్చదు. నార్నియాలోని ఉల్లాసం ఇందులో లేదంటారు. రెండవ భాగం కలల మీద కలలుగా సాగి అర్థం కాదంటారు. వాళ్ళ అసలు అభ్యంతరం మరొకటి. భవనాన్ని సరిగా చూపించకుండా, నమ్మలేదని శిక్షించడం ఏం న్యాయం? జీవితమంతా దెబ్బలు తిన్న మనిషిచేతనే చివరికి తప్పు ఒప్పించడం ఏమిటి? ఇది తేలిగ్గా తోసిపుచ్చదగిన వాదన కాదు.

రెండవ పక్షం

రెండోవాళ్ళకు ఇదే లూయిస్ రాసినవాటిలో గొప్పది. ఒరువల్ అబద్ధం చెప్పదు, కాని అంతా చూడదు అని వీళ్ళంటారు. రెండవ భాగంలో ఆమె సేనాని బార్డియా చనిపోతాడు. రాణి కొలువులో రాత్రింబవళ్ళు పనిచేసి ఆయన అరిగిపోయాడని అతని భార్య ముఖంమీదే చెబుతుంది. ఒరువల్ ప్రేమ మనుషులను తినేసే ప్రేమ అని అప్పుడు తెలుస్తుంది. చివరికి ఒక దర్శనంలో దేవుళ్ళ ముందు ఫిర్యాదు చదవబోతే, చేతిలో ఉన్నది తన పెద్ద పుస్తకం కాదు, ఒక నలిగిన చిన్న చుట్ట. అందులో ఉన్న మాట ఒక్కటే: చెల్లెలు తనది, తనను కాదని ఆమెను సుఖపెట్టే హక్కు ఎవరికీ లేదు.

రచయిత ఏ పక్షం?

ఆశ్చర్యమేమిటంటే లూయిస్ కూడా రెండు పక్షాల్లోనూ ఉన్నవాడే. ఈ కథను ఆయన యువకుడిగా ఉన్నప్పుడే పద్యంలో రాయాలని మొదలుపెట్టాడు. అప్పటి ఆలోచనలో అక్కదే న్యాయం, దేవుళ్ళదే తప్పు. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత నవలగా రాసేటప్పటికి ఆయన చూపు మారింది. అయినా అక్క వాదాన్ని బలహీనం చేయలేదు, మొదటి భాగమంతా ఆమెకే ఇచ్చాడు. అందుకే పాఠకులు ఈనాటికీ వాదించుకోగలుగుతున్నారు.

మనకు పాఠం

ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చినవాళ్ళం మనం. "అంత దూరం ఎందుకమ్మా, ఇక్కడే ఉండు" అన్న మాట మనలో చాలామంది విన్నాం. ఆ మాటలో ప్రేమ ఉంది. ఆ మాట వల్లనే చదువు ఆగిపోయిన అక్కచెల్లెళ్ళూ ఉన్నారు. ప్రేమ నిజం, దాని పట్టూ నిజం. ఒరువల్ కథ చెప్పేది ఇదే.

ఇంకొక సంగతి. కష్టాలు పడ్డవాళ్ళు నోరు మూసుకోవాలని ఈ నవల చెప్పదు. ఫిర్యాదు రాసింది కనుకనే ఒరువల్ తనను తాను చూసుకోగలిగింది. రాయకపోయి ఉంటే ముసుగులోనే పోయేది. కాబట్టి మన బాధను మనం రాయాలి, గట్టిగా చెప్పాలి. తర్వాత ఆ కాగితాన్ని మరొకసారి మనమే చదువుకోవాలి.

చర్చించండి

1. భవనం ఒక్క క్షణం కనిపించిన సంగతి ఒరువల్ చెల్లెలికి చెప్పి ఉంటే కథ ఎలా మారేది?
2. ఇదే కథను సైకీ చెబితే అక్క మనకు ఎలా కనిపిస్తుంది?
3. మీకు నచ్చని ఒక పుస్తకం తీసుకోండి. అది నచ్చిన మిత్రుడి వాదనను, అతను ఒప్పుకునేలా, అయిదు వాక్యాల్లో రాయండి. ఆ తర్వాతే మీ అభిప్రాయం రాయండి.