దెబ్బ తగిలిన దుంపకు నలుపెందుకు?

ప్రశ్న: బంగాళాదుంప పైకి నిగనిగలాడుతుంది, కోస్తే లోపల నల్లమచ్చ. దీన్ని మ్యూటెంట్ మొక్కలతో పరిశోధిస్తారట. ఎలాగండీ?

జవాబు: బస్తా దబ్బున పడేస్తే తొక్క చెక్కుచెదరదు గానీ కింది కణాలు చితుకుతాయి. అప్పటిదాకా వేర్వేరు అరల్లో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం, పాలీఫినాల్ ఆక్సిడేజ్ (పీపీఓ) అనే ఎంజైము కలిసిపోతాయి. ఆక్సిజన్ తోడై ఒకటి రెండు రోజుల్లో మెలనిన్ పేరుకుంటుంది. ఆ నలుపు అదే.

ఇందులో ఎంజైము వాటా ఎంతో తేల్చాలంటే, దాని జన్యువు చెడిన మొక్క, అంటే మ్యూటెంట్, కావాలి. ప్రయోగశాలల ముద్దుబిడ్డ అరాబిడాప్సిస్ మొక్క ఇక్కడ పనికిరాదు. దానికి ఆ జన్యువులే లేవు. బంగాళాదుంపతో వేరే పేచీ. మామూలు సాగు రకాల్లో ప్రతి జన్యువుకూ నాలుగు ప్రతులుంటాయి. ఒకటి చెడినా మిగతా మూడూ పని కానిచ్చేస్తాయి, లోపం బయటపడదు. జన్యువులను కోరినచోట మార్చే క్రిస్పర్ పద్ధతి వచ్చాకే దారి సులువైంది. 2020లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు డెజిరే అనే బంగాళాదుంప రకంలో ఈ ఎంజైము జన్యువుల్లో ఒకటైన పీపీఓ2 నాలుగు ప్రతులనూ మార్చేశారు. దుంపలో ఎంజైము చురుకుదనం 69 శాతం దాకా, రంగు మారడం 73 శాతం దాకా తగ్గాయి.

అయితే కణాలు చితకడం ఆగదు, మచ్చ కనబడదంతే! నన్నడిగితే అది సగం విజయమే. అసలు దెబ్బ తగలకుండా చూసుకోవడమే మేలు. చల్లటి దుంపకు దెబ్బ ఎక్కువ తగులుతుంది కాబట్టి, కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకును చలి తగ్గనిచ్చాకే గ్రేడింగ్‌కు పోయండి.