పరుగులో మంచి రోజులు, చెడ్డ రోజులు

పోయిన ఆదివారం మీరు 10 కిలోమీటర్లు హాయిగా పరుగెత్తారు. ఇంటికొచ్చి ఆ సంగతి అందరికీ సంతోషంగా చెప్పుకున్నారు. ఈ మంగళవారం మాత్రం 3 కిలోమీటర్లకే కాళ్లకు రాళ్లు కట్టినట్టు అయింది. ఆయాసం వచ్చి, మధ్యలోనే నడవాల్సి వచ్చింది. "నాకిది సరిపడదేమో, వయసు మీద పడిందేమో" అని మీకు అనిపించిందా?

దూరపు పరుగులు సాధన చేసే ప్రతి ఒక్కరికీ ఇలాంటి రోజులు వస్తాయి. అలాంటప్పుడు చాలామంది రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తారు. కొందరు మామూలుగా వచ్చే చెడ్డ రోజును చూసి భయపడి పరుగే మానేస్తారు. మరికొందరు శరీరం చేస్తున్న హెచ్చరికను కూడా బద్ధకం అనుకుని మొండిగా పరుగెత్తుతారు. మొదటి పొరపాటు వల్ల ఒక మంచి అలవాటు పోతుంది. రెండవ దానివల్ల ఎముక విరగవచ్చు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు రావచ్చు. కాబట్టి ఏది మామూలు అలసటో, ఏది హెచ్చరికో తెలుసుకోవడం ఎంతో అవసరం.

శరీరం ఎప్పుడు బలపడుతుంది?

పరుగెత్తేటప్పుడే శరీరం బలపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పరుగెత్తేటప్పుడు కండరాల్లో నిలవ ఉన్న శక్తి ఖర్చవుతుంది, కండరపు పోగులు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. ఆ తర్వాత తీసుకునే ఆహారం, విశ్రాంతి, నిద్ర వాటిని బాగుచేసి, మునుపటికంటే కాస్త గట్టిగా తయారుచేస్తాయి. అందుకే విశ్రాంతి రోజు కూడా సాధనలో ఒక భాగమే.

మరో సంగతి కూడా గమనించండి. శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో బలపడవు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలకూ, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకూ నెలలు పడుతుంది. ఎముక మీద కొత్తగా భారం పడినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత తొలగించి, ఆ తర్వాతే కొత్తది నింపుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక కాస్త బలహీనంగా ఉంటుంది. అంటే, "ఇప్పుడు ఆయాసం రావడం లేదు, ఇంకా దూరం వెళ్లగలను" అని మీకు అనిపించే సమయంలోనే మీ కాలి ఎముకలు ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు.

ఒక ఉదాహరణ

విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసే 42 ఏళ్ల వ్యక్తిని ఊహించుకోండి. రక్తపరీక్షలో షుగరు హద్దు దగ్గరకు వచ్చిందని డాక్టరు చెప్పడంతో ఆయన నడక మొదలుపెట్టాడు. నడక మెల్లగా పరుగైంది. హైదరాబాదులో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్‌లో హాఫ్ మారథాన్, అంటే దాదాపు 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలని నిర్ణయించుకుని, మే నెల మొదట్లో సాధన ప్రారంభించాడు.

మొదటి రెండు వారాలు ఆయనకు నిరుత్సాహంగా గడిచాయి. ఫిబ్రవరిలో సులువుగా పరుగెత్తిన వేగం మేలో అందలేదు. దానికి కారణం ఆయన బలహీనపడడం కాదు, ఎండాకాలం. వేడిలో శరీరాన్ని చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. అదే వేగానికి గుండె మరింత ఎక్కువగా కొట్టుకుంటుంది. కృష్ణా తీరంలో తెల్లవారుజామున కూడా ఉక్కపోతే. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. వేడికి శరీరం అలవాటు పడడానికి సుమారు 10 నుండి 14 రోజులు పడుతుంది. ఆయన వేగం తగ్గించుకుని ఓపికపట్టాడు. మూడో వారానికి పరుగు మళ్లీ తేలికైంది.

ఆ ఉత్సాహంలో ఆదివారపు పరుగును 9 కిలోమీటర్ల నుండి ఒక్కసారిగా 15కు పెంచాడు. ఏడో వారంలో కుడికాలి ముందరి ఎముక మీద ఒకచోట నొప్పి మొదలైంది. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని, వేసుకుని పరుగెత్తాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ భార్య కనిపెట్టింది. "ఏవండీ, మెట్లు దిగేటప్పుడు ఎందుకు కుంటుతున్నారు? ఆ పరుగు ఎక్కడికీ పోదు. ముందు డాక్టరుగారికి చూపించుకోండి" అంది.

డాక్టరు ఎముకను వేలితో నొక్కి చూశాడు. నొప్పి సరిగ్గా ఒకే చోట ఉంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. అయితే ఇలాంటి సన్నని పగుళ్లు మొదటి వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా కనిపించవు. ఎం.ఆర్.ఐ.లో పగులు బయటపడింది. ఎనిమిది వారాలు పరుగు మానాల్సి వచ్చింది. ఆగస్టు మారథాన్ చేజారింది. నొప్పి మొదలైన రోజే ఆగి ఉంటే బహుశా రెండు మూడు వారాలతో పోయేది. ఆ మాత్రలు నొప్పిని దాచాయే గాని ఎముకను అతికించలేదు.

చెడ్డ రోజుకు మామూలు కారణాలు

పరుగు భారంగా అనిపించినప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. రాత్రి సరిగా నిద్రపోయానా? పెళ్లిళ్లు, ప్రయాణాలు, ఆఫీసులో ఒత్తిడి, ఇంట్లో జబ్బుపడినవారి సేవ, ఇవన్నీ కాళ్లలో తెలుస్తాయి.

2. సరిగా తిన్నానా? దూరపు పరుగుకు ప్రధాన ఇంధనం అన్నం, రొట్టె, ఇడ్లీ, రాగిజావ వంటి పిండిపదార్థాల నుండి వస్తుంది. బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసి, పొద్దున్నే దూరం పరుగెత్తాలంటే కుదరదు. గంటకు మించిన పరుగైతే ముందుగా ఒక అరటిపండు తినండి. తర్వాత ఇడ్లీ, గుడ్డు, పెసరట్టు వంటివి తీసుకోండి.

3. నిన్న, మొన్న ఎక్కువగా శ్రమపడ్డానా? కండరాల నొప్పులు మామూలుగా ఒకటి నుండి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటాయి. ఆదివారపు పరుగు భారం మంగళవారం తెలియడం సహజమే.

4. జ్వరం వచ్చి తగ్గిందా? జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉన్నప్పుడు అసలు పరుగెత్తకూడదు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు కలిగిస్తాయి, ఆ స్థితిలో శ్రమిస్తే ప్రమాదం. డెంగీ, చికున్‌గున్యా వచ్చినవారు డాక్టరు అనుమతించాకే, అదీ నడకతో మొదలుపెట్టాలి.

5. రక్తం తక్కువగా ఉందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వారాల తరబడి ఆయాసం, నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. పరుగెత్తే స్త్రీలకు మూడు నెలలు నెలసరి ఆగిపోతే, అది శ్రమకు తగ్గ తిండి అందడం లేదనడానికి గుర్తు కావచ్చు. సిగ్గుపడకుండా డాక్టరును కలవండి.

ఒక సులువైన పద్ధతి ఉంది. ఉదయం మంచం దిగకముందే ఒక నిమిషంపాటు నాడి లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోండి. మామూలుకంటే ఏడెనిమిది ఎక్కువగా వరుసగా రెండు మూడు రోజులు ఉంటే, శరీరం ఇంకా కోలుకోలేదని అర్థం. ఆ రోజుల్లో విశ్రాంతి తీసుకోండి, లేదా నడవండి.

నొప్పి ఎలాంటిది?

రెండు కాళ్లలోనూ ఒకేలా, కండరమంతా పరచుకుని, కదిలేకొద్దీ తగ్గే నొప్పి సాధారణంగా అలసటే. ఈ కింది నొప్పుల విషయంలో మాత్రం పరుగు ఆపాలి.

• వేలితో చూపించగలిగేలా ఎముక మీద ఒకేచోట ఉండే నొప్పి
• పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి
• కుంటేలా చేసే నొప్పి
• రాత్రిపూట, కూర్చున్నప్పుడు కూడా వదలని నొప్పి
• కీలు వాచడం

ఉదయం లేచి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు ఉంటే, అరికాలిలోని పట్టీలాంటి పొర దెబ్బతిని ఉండవచ్చు. ఇంట్లో గచ్చు మీద వట్టికాళ్లతో తిరగడం తగ్గించి, మెత్తని చెప్పులు వాడండి. పిక్కను రోజూ సాగదీయండి.

నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి, ముఖ్యంగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మూత్రపిండాలకు హాని చేయగలవు.

నీళ్లు తక్కువైనా, మరీ ఎక్కువైనా ముప్పే

"దాహం వేసినా వేయకపోయినా తాగుతూనే ఉండండి" అని చాలామంది సలహా ఇస్తారు. అది సరికాదు. 2002లో బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం మామూలుకంటే తక్కువగా ఉంది. పరుగులో అతిగా తాగి బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. సోడియం మరీ పడిపోతే మెదడు వాచి, మూర్ఛలు వస్తాయి. కాబట్టి దాహాన్ని బట్టి తాగండి. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. తర్వాత బరువు పెరిగి ఉంటే మీరు అవసరానికి మించి తాగినట్టే. బాగా చెమట పట్టిన రోజున ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

వెంటనే ఆగవలసిన సూచనలు

• ఛాతీలో బరువు, బిగింపు, లేదా దవడకు, భుజానికి పాకే నొప్పి
• పరుగెత్తుతుండగా స్పృహ తప్పడం, గుండె అస్తవ్యస్తంగా దడదడలాడడం
• ఎండలో మాట తడబడడం, తూలిపోవడం, అయోమయం
• తీవ్రమైన కండరాల నొప్పితోపాటు మూత్రం ముదురు కాఫీరంగులో రావడం

ఇలాంటప్పుడు 108కి ఫోన్ చేయండి. వడదెబ్బ అనుకుంటే అంబులెన్సు వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. పడిపోయిన వ్యక్తి పిలిచినా పలకకుండా, శ్వాస సరిగా తీసుకోకుండా ఉంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవారు, 40 దాటి కొత్తగా మొదలుపెట్టేవారు, కుటుంబంలో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు ముందుగా డాక్టరును కలవండి. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవారికి పరుగులో షుగరు పడిపోవచ్చు. అలాంటివారు జేబులో గ్లూకోజ్ లేదా పంచదార ఉంచుకోండి.

మళ్లీ మొదలుపెట్టడం ఎలా?

వారం రోజులు ఆగినంతమాత్రాన మీరు కష్టపడి సంపాదించుకున్న బలం పోదు. ఈ సంగతి తెలిస్తే విశ్రాంతి తీసుకోవడానికి భయపడరు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఈ సూచనలు పాటించండి.

• ముందు అరగంట నొప్పిలేకుండా చురుకుగా నడవగలగాలి. ఆ తర్వాత నడక, పరుగు కలపండి.
• వారంలో ఎక్కువ పరుగులు మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా ఉండాలి. పక్కనున్న వారితో ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే.
• ఏ ఒక్క పరుగునూ గత 30 రోజుల్లోని అతి పెద్ద పరుగుకంటే 10 శాతం మించి పెంచకండి. 9 కిలోమీటర్ల తర్వాత 9.9, అంతేగాని 15 కాదు.
• మూడు నాలుగు వారాలకొకసారి దూరం తగ్గించండి.
• వీధికుక్క వెంటపడితే పరుగెత్తకండి. ఆగి, మెల్లగా నడవండి. కరిస్తే సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

మనం చూసిన ఆ బ్యాంకు ఉద్యోగి సంగతి? ఎనిమిది వారాల తర్వాత ఆయన నడకతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆగస్టుకు సిద్ధమయ్యాడనుకోండి. అప్పుడూ ఆయనకు చెడ్డ రోజులు వస్తాయి. అయితే కాలు నొప్పి పెట్టిన రోజున ఆ మాట ఇంట్లో చెప్పడం, ఆగడం ఆయన నేర్చుకుంటాడు. మీ పుస్తకంలో "ఈరోజు పరుగెత్తలేదు, కాలు నొప్పి" అని రాసుకోవాల్సి వస్తే దాన్ని ఓటమిగా భావించకండి. రేపు పరుగెత్తగలిగేది ఆ జాగ్రత్త వల్లనే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. ఆయాసం తగ్గినా దూరాన్ని ఒక్కసారిగా ఎందుకు పెంచకూడదు?
2. అలసట వల్ల వచ్చే నొప్పికి, ఎముక పగులు వల్ల వచ్చే నొప్పికి తేడా ఏమిటి?
3. అతిగా నీళ్లు తాగితే ఏ ప్రమాదం ఉంది?
4. మీతో పరుగెత్తే వ్యక్తి ఎండలో తూలిపోతుంటే మీరు మొట్టమొదట ఏమి చేస్తారు?