బ్రిడ్జ్ దాటుతోంది, స్క్విడ్‌కు చేరడం లేదు

రూటరుకూ స్విచ్‌కూ మధ్య రెండు ల్యాన్ కార్డుల లైనక్స్ సిస్టమ్ పెట్టి బ్రిడ్జ్ చేశాను. అన్ని కంప్యూటర్లకూ నెట్ వస్తోంది. ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ స్క్విడ్ నడుస్తోంది గానీ లాగ్‌లో ఒక్క లైనూ పడటం లేదు. ఏం తప్పు చేశానండీ?
- నెట్ సెంటర్ నిర్వాహకుడు, గుడివాడ

బ్రిడ్జ్ తన పని తాను చేస్తోంది, చిక్కంతా అదే. ఒక కార్డులో వచ్చిన ఫ్రేమును మ్యాక్ అడ్రస్ చూసి రెండో కార్డులోంచి పంపేస్తుంది. ఐపీ దాకా తీసుకెళ్లదు కాబట్టి ఐపీటేబుల్స్‌లో మళ్లింపు రూలు రాసినా దాని కంట పడదు. కెర్నల్ 3.18 నుంచి బ్రిడ్జ్ ట్రాఫిక్‌ను ఐపీటేబుల్స్‌కు చూపించే పని బీఆర్-నెట్‌ఫిల్టర్ అనే విడి మాడ్యూల్‌ది. పాత వీడియోలు చూసి చేసేవాళ్లు చాలామంది ఆగేది ఇక్కడే. దాన్ని లోడ్ చేసి, బ్రిడ్జ్-ఎన్‌ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్ విలువ 1 చేయండి. 80వ పోర్టు టీసీపీని 3129కు మళ్లించండి. స్క్విడ్ సెట్టింగుల్లో 3129 పక్కన ‘ఇంటర్‌సెప్ట్’ అని ఉండాలి, 3128ని మామూలుగానే వదిలేయండి. ఐపీ అడ్రస్ ఇవ్వాల్సింది విడి కార్డుకు కాదు, బ్రిడ్జ్‌కు. గేట్‌వే, డీఎన్‌ఎస్ కూడా పెట్టకపోతే స్క్విడ్ బయటికి వెళ్లలేదు.

మా కోచింగ్ సెంటర్‌లో డీఎస్సీ అభ్యర్థులంతా ఒకే వీడియో పాఠం చూస్తారు. ప్రాక్సీ ఒకసారి దించుకుంటే నెట్ ఆదా కదా?
- అవనిగడ్డ

స్క్విడ్ మొదలైన 1996లో అయితే అవుననేవాణ్ని. ఇప్పుడు సైట్లన్నీ దాదాపు హెచ్‌టీటీపీఎస్. మధ్యలో ఉన్న ప్రాక్సీకి లోపలి సరుకు కనపడదు, దాచిపెట్టే వీలూ లేదు. గుప్తీకరణ విప్పాలంటే ప్రతి మెషీన్‌లో మీ సొంత రూట్ సర్టిఫికెట్ ఎక్కించాలి. అప్పుడు అభ్యర్థుల బ్యాంకు పాస్‌వర్డ్‌లు కూడా మీ పెట్టెలో విప్పి కనిపిస్తాయి. నన్నడిగితే ఆ జోలికి వెళ్లకండి. పాఠాలు మీవే అయితే సెంటర్‌లోనే ఒక సర్వర్‌లో పెట్టి చూపించండి. చూడకూడని సైట్లు ఆపడమే కావాలంటే స్క్విడ్ 3.5 నుంచి విప్పకుండానే సైట్ పేరు చదివే పద్ధతి ఉంది. 443వ పోర్టు టీసీపీని కూడా స్క్విడ్‌కు మళ్లించాలి. అదే పోర్టు యూడీపీని ఆపేయండి, లేకపోతే బ్రౌజరు క్విక్ (QUIC) అనే ప్రోటోకాల్ దారిలో తప్పించుకుపోతుంది.

మా నెట్ సెంటర్‌లో ప్రాక్సీ లాగ్ ఎన్నాళ్లు ఉంచాలి? కరెంటు పోతే బ్రిడ్జ్ పెట్టె ఆగి నెట్ మొత్తం ఆగుతోంది, ఎలా?
- గుడివాడ నుంచే మరొకరు

2011 నాటి సైబర్ కెఫే నిబంధనల్లో ప్రాక్సీ లాగ్ ప్రస్తావన నేరుగా ఉంది: కనీసం ఏడాది. పాత ఫైళ్లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు ఉందేమో చూసి మార్చండి. 443ను మళ్లించకపోతే ఆ లాగ్ సగం కూడా కాదు. ఇంటర్‌సెప్ట్ పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడగడం కుదరదు. లాగ్‌లో ఎవరు చూశారో చెప్పేవి మెషీన్ ఐపీ, టైమే. కాబట్టి రిజిస్టర్‌లో మెషీన్ నంబరు రాయించి, సర్వర్ గడియారం సరిగా ఉంచండి. కరెంటు సంగతికి, రూటరు ఉన్న యూపీఎస్ మీదే ఈ పెట్టెనూ పెట్టండి. ఆ పెట్టే పడుకుంటే రూటరు నుంచి స్విచ్‌కు నేరుగా వేయడానికి ఒక ల్యాన్ కేబుల్ పక్కనే ఉంచండి. బ్రిడ్జ్ కదా, ఏ కంప్యూటర్‌లోనూ సెట్టింగు మార్చక్కర్లేదు.