డోర్నకల్ వెళ్లాల్సిన మేనకోడలికి

చెట్టికరై,
ధర్మపురి జిల్లా.

అమ్ములూ,

మీ అమ్మ ఫోను చేసింది. మే నెలలో డోర్నకల్ వైపు పల్లెల్లో పిల్లలకు వీబీఎస్, అదే వేసవి సెలవుల బైబిలు బడి, నడపడానికి మీ హోసూరు చర్చి యూత్ వాళ్లతో వస్తానని ఒప్పుకున్నావట. ఇప్పుడేమో గుండెల్లో గుబులుగా ఉంది, మానేస్తానంటున్నావట. తమిళంలో రాస్తే ఈ ఉత్తరం నీకు రెండు నిమిషాల పని. కావాలనే తెలుగులో రాస్తున్నా. కూడబలుక్కునైనా చదువు.

నీ భయం దేవుడి సంగతి కాదు, తెలుగు సంగతి. ధర్మపురి, కృష్ణగిరి తెలుగు ఇళ్లు చాలావాటిల్లో ఉన్నదే ఇది. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. “వస్తా ఉండాను, పోతా ఉండాను” అంటే అక్కడి పిల్లలు నవ్వుతారని, బైబిలు చేతికిస్తే నోరు తడబడుతుందని నీ బెంగ. నవ్వుతారు. కాదని నేనెందుకు చెప్పాలి? మన ఊరి ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో నీ మొదటి సెమినార్ రోజున నీ ఇంగ్లీషుకు క్లాసంతా నవ్విందని నువ్వే కదా చెప్పావు. అయినా పట్టా పుచ్చుకునే బయటికొచ్చావు.

నువ్వు వెళ్లే డోర్నకల్‌కి నీకంటే ముందు ఒక తమిళుడు వెళ్లాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో 1874లో పుట్టాడు, వై.ఎం.సి.ఏ.లో పేరున్న కార్యదర్శి. 1903లో తిరునెల్వేలి వాళ్లు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుంటే అందులో ముందున్నవాడు. నైజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మనుషుల్ని పంపింది ఆ సంఘమే. పంపేవాడిగా ఉండిపోతే ఆయన్ని తప్పుపట్టేవాళ్లు లేరు. 1909లో ఉద్యోగం వదిలి తానే అక్కడికి బయల్దేరాడు. వయసు ముప్పై అయిదు దగ్గర. ఊరు కొత్త, భాష కొత్త. తమిళం నోటితో తెలుగు నేర్చుకుని ప్రసంగాలు చేశాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు. ఆ తర్వాత కూడా ఎడ్లబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగాడు. నీకు పుట్టుకతో వచ్చిన తెలుగు ఆయనకు లేదు, అది గుర్తుపెట్టుకో.

ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది మరొకటుంది. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తల మీద తమ చెయ్యే పెట్టించి, సువార్త చెప్పడం గురించి పౌలు కొరింథీయులకు రాసిన మాటను పలికించేవాడు. వాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ పేటల కూలివాళ్లు, అక్షరం ముక్క రానివాళ్లు. చదవడం వచ్చాక మాట్లాడండి అని వాళ్లను ఆపలేదు.

భయం గురించి చెప్పాల్సి వస్తే అందరూ నీళ్ల మీద నడిచిన పేతురును తెస్తారు. నాకు గిద్యోనే దగ్గరి చుట్టం. మిద్యానీయులకు దడిసి గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకున్నవాడు. దేవుడు మొదటి పని అప్పగిస్తే ఇంటివాళ్లకూ ఊరివాళ్లకూ భయపడి రాత్రిపూట చేశాడు. న్యాయాధిపతుల గ్రంథం ఆ మాట దాచలేదు. పగలు చేయలేదని దేవుడూ కోప్పడలేదు, ఆ పని చెల్లింది. (ఆ పని అతని సొంత తండ్రి బలిపీఠాన్ని పడగొట్టడం. నువ్వు మాత్రం ఎవరి గుడినీ ఎవరి దేవుణ్ణీ పల్లెత్తు మాట అనకూడదు.) భయం పూర్తిగా పోయాక వెళ్దామనుకుంటే గిద్యోను ఆ గానుగ చాటునే ముసలివాడయ్యేవాడు.

అన్ని వెనకడుగులూ పిరికితనం కావు, అదీ తెలుసుకో. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది వచ్చినా, కూడు కోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ ఆగింది ఎదుటివాళ్ల మేలు చూసి. నువ్వు ఆగుతున్నది నీ పరువు చూసుకుని. కోపం తెచ్చుకోకు, మామయ్యను కాబట్టి అంటున్నా.

కాబట్టి క్లౌలా జాగ్రత్త పడాల్సిన చోట పడు. పిల్లల్ని కూర్చోబెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నల్ని అడుగు, వద్దంటే నవ్వుతూ వచ్చెయ్. బిస్కెట్లు పంచితే వచ్చినవాళ్లందరికీ పంచు, పాట పాడినవాళ్లకే అనకు. చీకటి పడ్డాక ఎక్కడికీ వెళ్లొద్దని అక్కడి పాస్టరమ్మగారు అంటే ఎదురు చెప్పకు.

ఇక తెలుగు సంగతి. ఈ రాత్రి నుంచే మార్కు సువార్త రోజుకో అధ్యాయం పైకి చదువు, పదహారే ఉన్నాయి. నోరు తిరగని చోట నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే. కథలు చదివి చెప్పకు, పక్కింటి సంగతి చెప్పినట్టు మన తెలుగులోనే చెప్పు. మొదటి రోజే పిల్లలతో, “నాకు తెలుగు చదవడం సరిగా రాదు, మీరు నేర్పాలి” అను. అక్కడ ఏ మూడో తరగతి పిల్లో నీకు పంతులమ్మ అవుతుంది, నవ్వడం మాని దిద్దడం మొదలుపెడుతుంది.

రైలు టికెట్టు డబ్బు నీ ఖాతాలో వేశాను. మీ అమ్మకు నేను సర్దిచెప్పుకుంటా. ఆదివారం ఆరాధన అయ్యేలోగా మీ యూత్ లీడరుకు వస్తున్నానని చెప్పు.

మీ పెద్దమామయ్య