శిలాతోరణం సరే, ఘాట్ రోడ్డులో ఆ గీత చూశారా?

తిరుమల వెళ్ళినప్పుడల్లా నేనూ మీలాగే శిలాతోరణం దగ్గర ఒక ఫొటో దిగి వచ్చేసేవాడిని. గుడికి కిలోమీటరు దూరం. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ఉలి తగలని తోరణం అది. క్వార్ట్‌జైట్ రాయిలో బలహీనమైన భాగాన్ని గాలీ నీరూ తినేస్తే, గట్టిది అలా నిలిచిపోయింది.

స్వామి అక్కడే వెలిశారని మా నానమ్మ నమ్మకం. కాలేజీ రోజుల్లో "అదంతా ఎరోజన్ నానమ్మా" అని కొట్టిపారేశాను. ఆవిడ ఏమీ అనలేదు. నాకు తెలిసింది కూడా ఆ ఒక్క ముక్కే!

అసలు విషయం ఘాట్ రోడ్డు పక్కన కొండకోతలో ఉంది. కింద పాత గ్రానైట్, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. రెండూ కలిసేచోటు ఒక గీతలా కనిపిస్తుంది. పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ. కింది రాయి ఏర్పడ్డాక అది అరుగుతూనే ఉంది. పైన ఇసుక పేరుకుని మళ్ళీ రాయి అయ్యేలోపు దాదాపు 80 కోట్ల ఏళ్ళు గడిచాయి. ఆ కాలానికి అక్కడ మిగిలిన గుర్తు ఆ గీతే.

పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు మన్వంతరం అనే మాట గబగబా దాటేస్తాం కదా. పురాణాల లెక్కలో ఒక మన్వంతరం 30 కోట్ల 67 లక్షల 20 వేల ఏళ్ళు. అంటే ఆ గీతలో రెండున్నర మన్వంతరాలు పట్టేస్తాయి!

మొన్న నానమ్మను కార్లో కొండకు తీసుకెళ్తూ ఆ గీత చూపించి, ఈ లెక్క చెప్పాను. అద్దం దించుకుంది. "కాస్త మెల్లగా పోనివ్వరా" అంది.