కుష్ఠసూక్ష్మజీవి కపటోపాయములు

తెలుగు పల్లెలలో పెద్దవారు కుష్ఠవ్యాధిని పేరుపెట్టి పలుకుటకు జంకి, పెద్దరోగ మనియు మహారోగ మనియు చాటుగా చెప్పుకొనెడివారు. మా కోహెడ ప్రాంతమునను ఆ జంకు పూర్తిగా విడలేదు. ఈ వ్యాధి వ్రేళ్లను కొఱికి తినివేయునని పలువురు తలతురు. ఆ తలంపు సరియైనది కాదు. ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవి దేనిని కొఱుకదు. కలరా క్రిమివలె విషమును వెడలగ్రక్కదు. తాను చొచ్చిన జీవకణమును వెంటనే చంపక, దానినే తన పనికి త్రిప్పుకొనును. ఆ త్రిప్పుకొను విధ మెట్టిదో చదువరులకు తెలుపుటయే మా యుద్దేశము.

కోహెడకు వాయవ్యదిశను, నిజామాబాదు జిల్లాలో డిచ్‌పల్లి యను గ్రామము కలదు. అచ్చట 1915వ సంవత్సరమున స్కాట్లండు దేశీయురాలగు డాక్టరు ఇసబెల్ కెర్ గారును, ఆమె భర్త జార్జి కెర్ గారును కుష్ఠరోగులకై వైద్యశాలను నెలకొల్పిరి. రాజా నర్సాగౌడు గారు అందులకు ధనసహాయము గావించిరి. రోగిని ఊరి వెలుపలికి తఱుముటయే గాని చికిత్స చేయించుట యెఱుగని కాలమున, చాల్‌మూగ్రా నూనెను సూదితో నెక్కించి వైద్యము చేసిన చోట్లలో డిచ్‌పల్లి పేరొందినది. ఇసబెల్ కెర్ గారు 1932లో గతించిరి. ఆమె యెంత నేర్పరియైనను, ఆ క్రిమి కణములోపల ఏమి చేయుచున్నదో ఆమెకు గాని, ఆ కాలపు మఱియే వైద్యునికి గాని తెలియుట కవకాశము లేకుండెను.

నార్వే దేశస్థుడగు హాన్సెన్ 1873లోనే ఈ క్రిమిని కనుగొన్నను, నేటివఱకును ఎవ్వరును దానిని గాజుపాత్రలో పెంచజాలకున్నారు. కలరా క్రిమి తగిన ఆహారము దొరకినచో అఱగంట లోపల రెండగును; ఇది రెండగుటకు పండ్రెండు మొదలు పదునాలుగు దినములు పట్టును. ఇంత మందకొడి జీవి యింత యుపద్రవము నెట్లు కలిగించునని మాకును మొదట ఆశ్చర్యమే కలిగినది. 2001లో శాస్త్రజ్ఞులు దీని జన్యువుల పట్టికను పూర్తిగా చదివినప్పుడు కొంత గుట్టు బయల్పడెను. దీని చుట్టమగు క్షయక్రిమి యందు సుమారు 4,000 జన్యువులు పనిచేయుచుండగా, దీనియందు పనిచేయునవి సుమారు 1,600 మాత్రమే. మఱి 1,100కు పైగా జన్యువులు చెడిపోయి పేరునకు మిగిలియున్నవి. దొరలు విడిచిపోయిన గడీలో గోడలు నిలిచి, వంటయిల్లు కూలి, గాదెలు బోసిపోయినట్లున్నది దీని సంసారము. తన వంట తాను వండుకొనలేని జీవి పరుల యింట తినక తప్పదు. ఆ పరుల యిల్లు మన శరీరకణమే.

అది కోరు కణములలో ముఖ్యమైనది నాడిలో నుండును. మన స్పర్శజ్ఞానమును మోయు నాడీతంతువు విద్యుత్తీగ వంటిది. తీగకు రబ్బరు తొడుగువలె, తంతువునకు ష్వాన్ కణములను పోషకకణములు తొడుగై యుండును. వానిలో కొన్ని తంతువు చుట్టును క్రొవ్వుపొరను పలుమాఱులు చుట్టబెట్టును. కొన్ని యూరక దాని నానుకొని యుండును. రక్తములోని రక్షకకణములు నాడి లోపలికి సులభముగా ప్రవేశింపజాలవు గనుక, దాగువానికి అంతకంటె మంచి తావు లేదు. అందును చర్మమునకు దగ్గఱగా చల్లని చోట నుండు నాడులన్నచో ఈ క్రిమికి మిక్కిలి ప్రీతి. మోచేతి యొద్దను, మోకాలి ప్రక్కను నాడులు ఉబ్బుట అందువలననే.

క్రిమి పైపొరలో ఫినాలిక్ గ్లైకోలిపిడ్ అను, చక్కెరతో కూడిన క్రొవ్వుపదార్థ మొకటి కలదు. ష్వాన్ కణము వెలుపల లామినిన్ అను మాంసకృత్తు పఱచుకొని యుండును. కణమును తన చోట నిలుపుటకై ప్రకృతి యేర్పఱచిన బంధన మది. క్రిమి ఆ లామినిన్‌ను పట్టుకొని, దాని మూలమున కణము పైనున్న డిస్ట్రోగ్లైకన్ అను గ్రాహకమును చేరును. ఇంటివాని తాళపుచెవితోనే తలుపు తీయుచున్నదన్నమాట.

తరువాతి కథ యింకను వింతయైనది. ష్వాన్ కణములయందు ఎదుగుదలకు సంబంధించిన గ్రాహక మొకటి కలదు. శరీరము పంపిన సంకేతము వచ్చినగాని అది మేల్కొనదు. కుష్ఠక్రిమి యట్టి సంకేత మేదియు లేకయే దానిని మేల్కొల్పునని 2006లో ప్రకటింపబడెను. అంతట కణము తాను చుట్టిన క్రొవ్వుపొరను తానే విప్పుకొనును. పొర లేని కణములే క్రిమికి నివాసయోగ్యములు. 2013లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము వారు మఱియొక సంగతిని వెల్లడించిరి. ఎలుకల ష్వాన్ కణములలో ఈ క్రిములు చాలకాలము కాపురముండగా, ఆ కణములు తమ వృత్తిని మఱచి, ఇంకను ఏ వృత్తియు చేపట్టని పసికణములవలె మాఱెనట. అట్టి కణము చోటు విడిచి కదలగలదు, కండరకణముగా మాఱగలదు, తనతోడ క్రిములనుగూడ మోసికొనిపోగలదు. ఎలుకలయందు కనినదానిని మనుష్యులయందు కనినట్లు చెప్పుట తగదు గాని, వ్యాధి నాడులనుండి యితరాంగములకు ప్రాకుటకు ఇది యొక మార్గము కావచ్చును.

రక్తములోని భక్షకకణములును దీనికి లోబడుచున్నవి. క్రిమిని మ్రింగి, జీర్ణరసముల తిత్తితో కలిపి నశింపజేయుట వాని ధర్మము. ఈ క్రిమి ఆ కలయికను అడ్డగించి, కణమునిండ క్రొవ్వుబిందువులను కూడబెట్టించి, ఆ నిలువలో సుఖముగా నుండును. 2017లో జీబ్రాచేపలపై జరిపిన పరిశోధనలో, ముందు చెప్పిన గ్లైకోలిపిడ్ ప్రేరణచే భక్షకకణములు నైట్రిక్ ఆక్సైడును పుట్టించి, ప్రక్కనున్న నాడీతంతువును పాడుచేయుట కనబడెను. కావలివాడే యింటికి నిప్పుపెట్టినట్లు!

నాడి చెడినపిమ్మట జరుగునదే మన కన్నులకు కనబడు రోగము. నొప్పి తెలియని చేయి కాలిన పెనమును పట్టుకొనును. ముల్లు దిగిన పాదము నడచుచునే యుండును. పుండు చీముపట్టి, వ్రేలియెముక క్రమముగా క్షీణించును. 1946లో వేలూరు వైద్యకళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు ఈ సంగతిని రోగుల చేతులయందు పరిశీలించి, వ్రేళ్లు పోవుట కధికముగా కారణము నొప్పి లేమియే యని నిరూపించెను. వ్రేళ్లు లేనివానిని చూచి పాఱిపోవువారు, అతడు మందు తిని యెన్నియో యేండ్ల క్రిందట క్రిమిరహితుడై యుండవచ్చునని తలపరు. చట్టములు సైతము చిరకాలము తలపలేదు. బిచ్చమెత్తు కుష్ఠరోగిని పట్టి యుంచుటకు వీలిచ్చిన 1898 నాటి చట్టము 2016లో గాని రద్దు కాలేదు. ఈ రోగము విడాకులకు హేతువగుట 2019లో గాని తొలగలేదు.

మనుష్యులలో అత్యధికులకు ఈ క్రిమిని ఎదుర్కొను శక్తి పుట్టుకతోనే కలదు. తక్కినవారిలో గూడ క్రిమి ప్రవేశించిన పలు సంవత్సరములకు, ఒక్కొకచో ఇరువదియేండ్లకు గాని, లక్షణములు తోపవు. మొదట చర్మముపై పాలిపోయిన లేక ఎఱ్ఱబాఱిన మచ్చ యేర్పడును. అది దురద పెట్టదు, నొప్పి పెట్టదు. దూదిపోగుతో తాకినను తెలియదు. నొప్పి లేదు గనుకనే దానిని ఎవరును లక్ష్యపెట్టరు. ఆ దశలో రిఫాంపిసిన్ మొదలగు మందులను కలిపి ఆఱునెలలు గాని పండ్రెండు నెలలు గాని ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా నిత్తురు. మందు మొదలిడిన కొలది దినములకే రోగి పరులకు వ్యాధిని అంటింపజాలడు. కాని చచ్చిన క్రిముల శకలములు నాడులలో చాలకాలము నిలుచును. శరీరము వానిపై విరుచుకొనిపడినప్పుడు నాడి వాచి, నొప్పి పుట్టి, చేయి పడిపోవచ్చును. మందు వికటించినదని భ్రమించి మాత్రలు మానివేయువారు కలరు. అట్లుగాక వెంటనే వైద్యుని చూచినచో, వాపు నణచు వేఱొక మందు నిచ్చి, మాత్రలను మానకయే, ఆ నాడిని చాలవఱకు దక్కించుట కలదు.