జార్జియాలోని ప్లెయిన్స్‌కు పనికి వెళ్లే చిరంజీవికి

అమెరికా దక్షిణాదిన, జార్జియా రాష్ట్రం సమ్టర్ కౌంటీలోని ప్లెయిన్స్ ఆరు వందల జనాభా కూడా లేని ఊరు. రైలు పట్టాల దగ్గర ఒక వరుస ఇటుక దుకాణాలు, 1888 నాటి డిపో, చుట్టూ చేలు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1924లో పుట్టింది ఇక్కడే, 1976లో ఆయన అధ్యక్ష ఎన్నికల ప్రచారానికి కేంద్రమైంది ఆ డిపోయే. పదవి దిగాక ఆయన ఈ ఊరికే తిరిగొచ్చి, 1961లో కట్టుకున్న మామూలు ఇంట్లోనే 2024లో కన్నుమూశారు.

ఊరి రోజులు వేరుశనగ పంటను బట్టి నడుస్తాయి. అమెరికాలో పండే వేరుశనగలో దాదాపు సగం జార్జియాదే. ఏప్రిల్ చివర, మే నెలలో విత్తుతారు. కాయ ముదిరిందో లేదో పైపొర గీకి చూస్తారు: లేతదైతే తెలుపు, పసుపు, ముదిరితే గోధుమ రంగు, నలుపు. అనంతపురం రైతు ఇదే సంగతిని కాయ ఒలిచి, డొల్ల లోపలి మరకను బట్టి చెబుతాడు. సెప్టెంబరు వచ్చేసరికి యంత్రం మొక్కలను పెకలించి కాయలు పైకి వచ్చేలా తిరగేస్తుంది. రెండు మూడు రోజులు ఆరాక మరో యంత్రం కాయలను వేరు చేస్తుంది. ఆపైన కాయలు నింపిన బళ్లలోకి వేడిగాలి పంపి, తేమను పది శాతం దగ్గరకు దించుతారు. నాణ్యత పరీక్ష అయ్యాకే ధర. తడి కాయ నిలవుంటే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది కనుక ఆ వారాల్లో రైతుకు, మెకానిక్‌కు, లారీ డ్రైవరుకు తీరిక ఉండదు. ఆ రోజుల్లో ఎవరినీ సొంత పని మీద తొందరపెట్టకపోవడమే మర్యాద.

కారు లేనిదే గడవదు. ఆస్పత్రికి పది మైళ్ల దూరంలోని అమెరికస్ వెళ్లాలి. ఊరి హైస్కూలు 1979లోనే మూతపడి ఇప్పుడు మ్యూజియం అయింది.

పెద్దలను సర్, మామ్ అని పిలవాలి. ఎదురుబండిలోని మనిషి స్టీరింగ్ మీంచి వేళ్లెత్తితే తిరిగి ఎత్తాలి. ఏ చర్చికి వెళతారని అడిగితే అది పలకరింపే. తమ మతమేదో నెమ్మదిగా చెబితే సరిపోతుంది. దారి పక్కన ఉప్పునీళ్లలో ఉడికించి అమ్మే పచ్చి వేరుశనక్కాయలు మాత్రం తెలుగువారికి కొత్త కాదు.

ఈ మర్యాదలు చూసి గతాన్ని మరిచిపోకూడదు. అమెరికస్ దగ్గర 1942లో వెలసిన కొయినోనియా ఫారంలో నల్లవారూ తెల్లవారూ ఒకే బల్ల దగ్గర తిన్నందుకు 1950లలో కాల్పులు జరిగాయి, బాంబులు పడ్డాయి. చుట్టుపక్కల వ్యాపారులు వెలివేస్తే, ఆ జనం తమ పెకాన్ గింజలను తపాలాలో దేశమంతా అమ్మి నిలబడ్డారు. పేదలకు ఇళ్లు కట్టే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ 1976లో పుట్టింది ఆ ఒరవడిలోంచే. కొత్తగా వచ్చినవారు ఒక రంగువారితోనే స్నేహం కలిపి ఆగిపోతే సగం ఊరే తెలుస్తుంది. వచ్చిన మొదటి నెలలోనే ఒక రోజు తీరిక చేసుకుని ఆ ఫారంకు వెళ్లాలి. పెకాన్లు అక్కడ ఇప్పటికీ అమ్ముతున్నారు.